మిస్సమ్మగారి తమ్ముడి జట్టు

మొన్న డిసెంబరులో ఒక సాయంత్రం తెనాలి బజారులో కూరలు కొనుక్కుని వస్తూ, రోడ్డు పక్కన టార్పాలిన్ మీద ఉన్ని స్వెట్టర్లు గుట్టగా పోసి అమ్ముతున్న చోట ఆగిపోయాను. కొనాలని కాదు. ఆ గుట్టలోంచి కలరా ఉండల వాసన, దాని అడుగున ఎన్నాళ్ళో మూటలో మగ్గిన ఉన్ని వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి, ఆటోల హారన్లూ అరటిపళ్ళ బండివాడి కేకలూ వెనక్కి జరిగిపోయి, నేను పదేళ్ళ పిల్లనై మా ఇంటి వసారాలో, ఇంగ్లండు నుంచి ఓడలో నాలుగు నెలలు ప్రయాణం చేసి వచ్చిన ఒక పార్సిలు ముందు గొంతుక్కూర్చున్నాను. ఆ పార్సిలులో వచ్చినవి పధ్నాలుగు ఫుట్‌బాల్ బనీన్లు. అవి వేసుకుని ఆడిన జట్టును మా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూడలేదు, ఆ ఊరి పేరు మా సంఘంలో ఒక్కరికీ సరిగ్గా నోరు తిరగలేదు, అయినా నా చిన్నతనమంతా ప్రతి బుధవారం సాయంత్రం ఆ జట్టు కోసం మేము మోకరించి ప్రార్థన చేశాము.

ఇదంతా మిస్సమ్మగారి వల్ల వచ్చింది. ఆవిడ ఇంగ్లండులో ఉత్తరాదిన ఒక చిన్న మిల్లుల ఊళ్ళో పుట్టి, ఇరవై నాలుగేళ్ళ వయసులో నర్సుగా రేపల్లె వచ్చి, అక్కడి మిషను ఆసుపత్రిలో ముప్పై రెండేళ్ళు కాన్పులు చేశారు. మా నాయనమ్మ సువార్తమ్మ అదే ఆసుపత్రిలో మంచం మంచానికీ వెళ్ళి వాక్యం చెప్పి ప్రార్థన చేసే ఉద్యోగంలో ఉండేది. ఇద్దరూ కలిసి పడవల మీద లంక గ్రామాలకు వెళ్ళేవారు, ఒకే క్యారేజీలో అన్నం తినేవారు, ఒకరి తప్పులు ఒకరు మొహం మీదే చెప్పుకునేవారు. మిస్సమ్మగారు రిటైరై వెళ్ళిపోయే రోజున రేపల్లె స్టేషనులో ప్లాట్‌ఫారం నిండా ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే నిలబడ్డారనీ, మెడలో బంతిపూల దండల బరువుకు ఆవిడ తల ఎత్తలేకపోయారనీ నాయనమ్మ చెప్పేది. ఆ తరువాత నాయనమ్మ కూడా పని మానేసి, తెనాలి స్టేషనులో పార్సిలు గుమాస్తాగా ఉన్న మా నాన్న దగ్గరికి, అంటే మా ఇంటికి, ఒక ట్రంకు పెట్టె, ఒక కాఫీ గిన్నె పట్టుకుని వచ్చేసింది.

నాయనమ్మ భక్తి ఎంతటిదో కాఫీ కూడా అంతటిది. తెల్లవారుజామున ప్రార్థన ముగించి ఆమేన్ అన్న మరుక్షణం గ్లాసు చేతిలో ఉండాలి. మా అమ్మ డికాషన్ దిగడానికీ ఆమేన్‌కీ సరిగ్గా లెక్క చూసుకుని, ప్రార్థన పొడవును బట్టి మంట తగ్గిస్తూ పెంచుతూ ఉండేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మొదటి ఉత్తరం వచ్చింది. నీలం రంగు పల్చటి కాగితం, దాన్నే మడిచి అంటిస్తే కవరు అయ్యేది. మిస్సమ్మగారు తెలుగులోనే రాసేవారు, గుండ్రంగా, పెద్దగా, రేపల్లెలో మాట్లాడినట్టే. నాయనమ్మకు చూపు ఆనదు కాబట్టి చదివే పని నాది. ఊళ్ళో చలి భరించలేకుండా ఉందనీ, ఆవకాయ జాడీ అడుగంటిందనీ, పెళ్ళి చేసుకోని తమ్ముడి ఇంట్లోనే ఉంటున్నాననీ, ఆ తమ్ముడు ఊరి ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి పెంచే పని చేస్తాడనీ రాశారు. "ఇక్కడ జనానికి ఈ జట్టంటే ప్రాణమండి. పాపం చిన్న జట్టు. మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి" అని చివర ఒక మాట. ఆవిడ మర్యాదకు రాశారో మనసారా రాశారో గాని, నాయనమ్మ దగ్గర అలాంటి మాట అనకూడదు. అంటే అది ఆవిడ కొంగున ముడి వేసుకున్నట్టే.

ఏమిటో తెలియకుండా ఎలా ప్రార్థించేది? నాన్న గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసి, అటు పదకొండు ఇటు పదకొండు చింతగింజలు పేర్చి, మధ్యలో ఒక బఠానీ పెట్టి ఆట నేర్పాడు. నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని గింజలు లెక్కపెట్టింది.

"పదకొండు మందేంట్రా? పన్నెండోవాడేడీ?"

"పన్నెండోవాడు లేడమ్మా. పదకొండుమందే."

"ఓహో, శిష్యుల్లో యూదా పోగా మిగిలినవాళ్ళన్నమాట" అని తృప్తిగా తల ఊపింది. గోలు దగ్గర ఒంటరిగా నిలబడే గింజ మీద మాత్రం ఆవిడకు ప్రత్యేకమైన జాలి పుట్టింది. చివరిదాకా ఆ గోలుకాపరి కోసం విడిగా ఒక వాక్యం ప్రార్థనలో ఉండేది.

నాన్న చెప్పిందాన్ని బట్టి మాకు అర్థమైనది ఇంతే. ఆ దేశంలో పెద్ద లీగు అని ఒకటి ఉంది. దానికి నాలుగు మెట్లు. మన జట్టు అన్నిటికంటే కింది మెట్టు మీద ఉంది. బాగా ఆడితే పై మెట్టు ఎక్కుతుంది. ఆ కింది మెట్టులో కూడా అందరికన్నా ఆఖర్న మిగిలితే, లీగులోంచే బయటికి వెళ్ళిపోవాలి.

బుధవారం గృహ ప్రార్థన ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరిగేది. వాకిట్లో నీళ్ళు చల్లి, చాపలు పరిచి, పెట్రోమాక్స్ లైటు పంపు కొట్టి వెలిగించి, కంజిర ఉన్నవాళ్ళు కంజిర, లేనివాళ్ళు చేతులతో తాళం. పాటలయ్యాక సంఘ పెద్ద దేవసహాయం మాస్టారు అట్ట చిరిగిన నోటుబుక్కు తీసి ప్రార్థన మనవులు చదివేవారు. ఆయన లెక్కల మేస్టారు, ఏదీ తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. మరియమ్మగారి మోకాళ్ళ నొప్పులు, ఇస్సాకు గారి అబ్బాయికి రైల్వేలో ఉద్యోగం, సంగం జాగర్లమూడి కాలవకు నీళ్ళు, ఆ తరువాత "మిస్సమ్మగారి తమ్ముడి జట్టు". మొదటిసారి నాయనమ్మ అడిగిన రోజున మాస్టారు కలం చెవి మీద పెట్టుకుని, "సువార్తమ్మా, ఆ ఉత్తరం రావడానికి పదిహేను రోజులు పట్టింది. నువ్వు అడుగుతున్న ఆట ఎప్పుడో అయిపోయింది. అయిపోయిన పరీక్షకి పాసు చెయ్యమని ప్రార్థిస్తే ఎట్టాగమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు మాత్రం నవ్వకుండా కాస్త ఆలోచించి, "నిన్నా రేపూ మనకి గాని ఆయనకి లేవు మాస్టారూ. మన తపాలా ఆలస్యమని ఆయన చెవి ఆలస్యమా?" అన్నారు. మాస్టారు నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ రోజుతో ఆ జట్టు మాదైపోయింది.

ఆగస్టులో అక్కడ ఆటలు మొదలయ్యేవి. ఇక్కడ అప్పుడే నాట్లు. ఒక ఏడాది మాకు కాలవలో నీళ్ళు లేక నారుమళ్ళు ఎండుతుంటే, అక్కడ వాన ఆగక మైదానం బురదై ఆటలు ఆగిపోయాయని ఉత్తరం వచ్చింది. ఆ బుధవారం మరియమ్మగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, అక్కడ ఎక్కువైన వాన ఇక్కడికి పంపు తండ్రీ, ఇద్దరికీ బాగుంటుంది" అని ప్రార్థించింది. శనివారానికి తెనాలిలో కుండపోత. అక్కడ ఎండ కాసిందో లేదో తెలుసుకోవడానికి ఇంకో పదిహేను రోజులు ఆగాల్సి వచ్చింది. కాసిందట!

రెండో ఏడు జట్టు లేచింది. ఉత్తరం ఉత్తరానికీ పదకొండో స్థానం, ఏడో స్థానం, నాలుగో స్థానం. పోస్టుమ్యాన్ కోటయ్య బాబాయి మా సంఘం మనిషి కాదు, ఏటా కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభతో వెళ్ళే మనిషి, అయినా నీలం ఉత్తరం వచ్చిందంటే సైకిలు స్టాండు వేసి అరుగు మీద కూర్చునేవాడు. "చదువమ్మా గ్రేసీ, మనోళ్ళు ఎక్కడున్నారో" అని, మజ్జిగ తాగుతూ మొత్తం విని గాని కదిలేవాడు కాదు. జట్టు పై మెట్టు ఎక్కిందన్న రోజున నాయనమ్మ బూరెలు వండించింది. శనగపప్పు పూర్ణంలో యాలకుల వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. బేసిన్లో పెట్టుకుని ఇంటింటికీ పంచుతుంటే, "ఏంటి విశేషం, గ్రేసీ పెద్దమనిషి అయ్యిందా?" అని ప్రతివాళ్ళూ అడిగారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ, "కాదండీ, మా జట్టు పైకెక్కిందండీ" అని చెప్పుకుంటూ తిరిగాను.

పార్సిలు వచ్చింది ఆ తరువాతే. జట్టుకు కొత్త బనీన్లు కుట్టించారనీ, పాతవి పారెయ్యడం ఇష్టం లేక పంపుతున్నాననీ చీటీ. పసుపూ నలుపూ చారలు, పొడుగు చేతులు, దుప్పటంత మందం. మా ఎండకు అవి ఒక్క నిమిషం ఒంటి మీద నిలవవు. అందుకని క్రిస్మసు కోసం దాచారు. మంచు కురిసే వేకువల్లో పాటలు పాడుకుంటూ వీధులు తిరిగే మా యువకులు ఆ ఏడు వెనక అంకెలున్న చారల బనీన్లలో బయల్దేరితే, కుక్కలు మామూలుకన్నా ఎక్కువ అరిచాయి. అయిదో నెంబరు జంపని షుగరు ఫ్యాక్టరీకి చెరకు తోలే యేసుదాసుకు దక్కింది. గోలుకాపరి వేసుకునే ఆకుపచ్చది మాత్రం నాయనమ్మ ఎవరికీ ఇవ్వలేదు. చలికాలం తెల్లవారుజామున చీర మీద అదే తొడుక్కుని మోకరించేది. కాఫీ తెచ్చిన మా అమ్మ ప్రతిసారీ నవ్వు ఆపుకోలేక గ్లాసు అక్కడ పెట్టి పరుగెత్తేది.

పై మెట్టు మీద జట్టు ఎక్కువ కాలం నిలవలేదు. ఒక ఏడు గడిచింది, రెండో ఏడు దిగింది. నాకు పదమూడో ఏడు వచ్చేసరికి కింది మెట్టులో కూడా అట్టడుగుకు చేరింది. ఆ ఏటి ఉత్తరాల్లో అక్షరాలు కూడా చిన్నవయ్యాయి. ఆఖర్న మిగిలి లీగులోంచి పోతే జనం రారనీ, జనం రాకపోతే మైదానం అమ్మేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారనీ, తమ్ముడికి ఆ గడ్డి తప్ప వేరే లోకం తెలియదనీ మిస్సమ్మగారు రాశారు.

మా సంఘంలో కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన చివర వాగ్దానాలు తీసే ఆచారం ఉంది. చిన్న చిన్న చీటీల మీద ఒక్కో వాక్యం రాసి ఇత్తడి పళ్ళెంలో పెడతారు. ఒక్కొక్కరూ వెళ్ళి ప్రార్థించి ఒకటి తీసుకుంటారు. ఆ ఏడంతటికీ దేవుడు తమకిచ్చిన మాట అదేనని దాన్ని ఫోటో పటానికి అంటించుకుంటారు. ఆ జనవరి ఒకటిన నాయనమ్మ తనది తను తీసుకున్నాక, నన్ను ముందుకు తోసి, "ఇంకోటి తియ్యవే, జట్టుకి" అంది. మనుషులకు గాని ఆటగాళ్ళ జట్టుకు వాగ్దానం తీసినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నా చేతికి వచ్చిన చీటీలో, నిన్ను నాటుతాను గాని పెరికివేయను అనే భావం ఉన్న వాక్యం ఉంది. నాయనమ్మ అక్కడే, సంఘమంతా వింటుండగా చీటీ పైకెత్తి, "విన్నారుగా? ఆ జట్టు లీగులోంచి పోదు. నేను కాదు, ఆయన చెప్పాడు" అనేసింది.

దేవసహాయం మాస్టారు మెట్లు దిగుతూ, "మాట ఇచ్చింది ఆయనో నువ్వో మే నెలలో తెలుస్తుందిలే సువార్తమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, నాయనమ్మ నవ్వలేదు. నలభై ఏళ్ళు జనానికి వాక్యం చెప్పిన మనిషి. ఆ మాట నీళ్ళపాలైతే ఇక తన నోటి నుంచి వచ్చే ఏ మాట ఎవరు నమ్ముతారన్న భయం ఆవిడ మొహంలో నేను మొదటిసారి చూశాను. ఈస్టరు మర్నాడు, జట్టు సంగతి తేలే వరకూ కాఫీ ముట్టనని మొక్కుకుంది. అన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరి పనీ ఆవిడకు నచ్చలేదు. మా అమ్మ అయితే, "దేవుడా, ఆ జట్టుని గెలిపించు, మమ్మల్ని బతికించు" అని బాహాటంగానే ప్రార్థించింది.

వేసవి సెలవులకు నేనూ నాయనమ్మా బాపట్లలో మా అత్త ఇంటికి బయల్దేరే ముందు రోజు ఉత్తరం వచ్చింది. ఆఖరి ఆట మే మొదటి శనివారం. ఎదుటి జట్టు కూడా అడుగునే ఉంది. గెలిచినవాళ్ళు లీగులో ఉంటారు, ఓడినవాళ్ళు పోతారు. కింద ఇంకో మాట ఉంది. "ఆ ఎదుటి జట్టు బట్టలు ఉతికే ముసలావిడ నాకు తెలుసండి. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. ఆవిడ కూడా గుడిలో రోజూ మోకరించి అడుగుతోందట."

నేను చదవడం ముగించాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో జట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నన్ను మోచేత్తో పొడిచి, "వాళ్ళకీ ఓ ముసల్ది ఉందే" అంది, అదేదో నా తప్పయినట్టు. ఆ రోజు నుంచి గెలిపించమని అడగలేదు. "తండ్రీ, నీకు తెలుసు" అని మాత్రమే అనేది.

బాపట్లలో ఆ మే నెల ఎంత బాగుందో! పొద్దున్నే సూర్యలంక బస్సెక్కి సముద్రానికి వెళ్ళి, ఒంటి నిండా ఉప్పు అట్టలు కట్టేదాకా అలల్లో దొర్లి, ఉడకబెట్టిన గుడ్లూ పులిహోరా ఇసకతో సహా తిని, మధ్యాహ్నానికి వచ్చి వసారాలో చల్లటి గచ్చు మీద పడుకునేవాళ్ళం. అత్త పెద్ద బేసిన్ నిండా మామిడికాయ ముక్కలూ ఆవపిండీ కలుపుతుంటే ఆ ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారేవి. సాయంత్రాలు తాటి ముంజెలు. బొటనవేలు గుచ్చి లోపలి నీరు మొహం మీద చిమ్మకుండా తినడం ఒక పెద్ద విద్య. అలా ముంజెలు తింటున్న ఒక సాయంత్రం నాన్న తెనాలి నుంచి ప్యాసింజరు దిగి వచ్చాడు. చొక్కా జేబులోంచి నీలం అంచు కనిపించింది. విప్పలేదు. నాయనమ్మ ముందే విప్పాలని అలాగే పట్టుకొచ్చాడు.

చేతులు కడుక్కుని విప్పాను. మొదటి మాట చూసి నాన్న వైపు తిరిగాను.

"చదవవే."

"ఓడిపోయామండి సువార్తమ్మగారూ" అని చదివాను.

ఒకటికి రెండు గోల్సుతో ఓడిపోయారట. జనం గేట్లు తీసినా వెళ్ళక గంటసేపు నిలబడి పాటలు పాడారట. తమ్ముడు ఆదివారం గుడికి వచ్చి, సోమవారం పొద్దున్నే ఎప్పటిలాగే గోలు ముందు అరిగిపోయిన చోట గడ్డి విత్తనాలు చల్లాడట. చిన్న లీగులోనైనా ఆడదామని ఊరివాళ్ళు నిర్ణయించారట.

నాయనమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ఆ బట్టలుతికే ఆవిడ సంగతేమన్నా రాసిందా?"

రాశారు. ఆట అయ్యాక ఆ ముసలావిడ మిస్సమ్మగారిని వెతుక్కుంటూ వచ్చి, గట్టిగా వాటేసుకుని, గెలిచినందుకు సంతోషపడలేక ఏడ్చిందట.

"చూశావా, ఎంత మంచి మనిషో" అంది నాయనమ్మ. కళ్ళజోడు తిరిగి పెట్టుకుని, "ఒసేయ్ శాంతమ్మా, ఆ ఆవపిండి చేతులు కడుక్కుని స్టవ్వు వెలిగించు. సంగతి తేలింది కదా, కాఫీ పెట్టు" అంది. అత్త తెచ్చిన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగింది.

అయితే తెనాలిలో సంఘం ఉంది, మాస్టారు ఉన్నారు. మేము తిరిగి వెళ్ళిన ఆదివారం సాక్ష్యాల వేళ నాయనమ్మ లేచి నిలబడేసరికి నేను మాస్టారి వైపు చూశాను. ఆవిడ దాచలేదు. "మన జట్టు లీగులోంచి పోయింది" అని మొదటే చెప్పేసి, ఎదుటి జట్టు బట్టలుతికే ఆవిడ ప్రార్థన సంగతి కూడా చెప్పింది.

మాస్టారు కూర్చున్నచోటి నుంచే, "మరి నాటుతాను పెరకను అన్న మాట ఏమయ్యిందమ్మా?" అన్నారు. ఈసారి ఆయన గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"మాస్టారూ, మీరు బడి బల్ల మీద పుట్టారు, నేను బురదలో పుట్టాను" అంది నాయనమ్మ. "పదేళ్ళప్పటి నుంచి నారు తీశాను. నారుమడిలోంచి మొక్క తీస్తే పెరికేసినట్టా? వేళ్ళు కడిగి, కట్ట కట్టి, ఇంకో చేలో పెట్టడానికి తీసినట్టు. తీసినరోజు వాడిపోయే ఉంటుంది. నేనే తొందరపడ్డాను, ఆయన చేను ఏదో నేనే నిర్ణయించాను. అది నా తప్పు, క్షమించండి. మాట మాత్రం ఆయనదే."

ఆడవాళ్ళ వైపు సగం మంది నాట్లకు వెళ్ళేవాళ్ళే. "అవునండీ, అవునండీ" అని చాపల మీద నుంచి వినిపించింది. మరియమ్మగారు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంది. మాస్టారు చొక్కా జేబులోంచి కలం తీసి, "ఆ రెండో జట్టు పేరు కూడా చెప్పు, రాసుకుంటాను. ఆ ముసలమ్మ ఒక్కతే ఎంతకని మోస్తుంది?" అన్నారు. ఆ బుధవారం నుంచి మా జాబితాలో రెండు జట్లు.

చేను మారిన మొక్క నిజంగానే దుబ్బు కట్టింది. చిన్న లీగులో మన జట్టు గెలుపు మీద గెలుపు. ఊరి కుర్రాళ్ళే ఆడుతుంటే జనం రెట్టింపయ్యారని రాశారు మిస్సమ్మగారు. నేను ఇంటరు చదివే రోజుల్లో ఒక మే నెల మధ్యాహ్నం కోటయ్య బాబాయి సైకిలు బెల్లు వీధి మొగ నుంచే ఆపకుండా కొట్టుకుంటూ వచ్చాడు. ఉత్తరం మీద వెనక వైపు, అంటించిన మడతకు పైన, మిస్సమ్మగారు ఆగలేక పెద్ద అక్షరాలతో రాసేశారు: తిరిగి లీగులోకి వచ్చామండి! కోటయ్య బాబాయి దారిలోనే చదివేసినందుకు క్షమాపణ చెబుతూ గంతులేశాడు. నాయనమ్మ డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, మంచం దిగి బూరెలకు పప్పు నానబెట్టమని కేకలేసింది. ఈసారి ఎవరూ ఏంటి విశేషమని అడగలేదు. అందరికీ తెలుసు.

నాయనమ్మ ఆ తరువాత మూడేళ్ళు ఉంది. మిస్సమ్మగారు ఇంకో ఏడాది. వాళ్ళు ఏ కాఫీ గ్లాసుల దగ్గర కలుసుకుని ఉంటారో నాకు సందేహం లేదు. ఇప్పుడు నీలం ఉత్తరాలు లేవు. అరుగులూ లేవు, వాటి మీద కూర్చుని పక్కింటివాళ్ళ ఉత్తరం వినే పోస్టుమ్యానూ లేడు. బుధవారం ప్రార్థన ఫోన్లలో జరుగుతుంది. ఎవరి గదిలో వాళ్ళుండి ఆమేన్ అంటే, ఆమేన్‌లు ఒకదాని వెనక ఒకటి చిల్లరగా రాలతాయి. మనవులు ఎవరికి వాళ్ళు టైపు చేస్తారు.

కిందటేడు మా అబ్బాయి ఆ రెండు జట్ల సంగతి తన ఫోనులో అర నిమిషంలో చూసి చెప్పాడు. మనది దిగుతూ ఎక్కుతూ ఉంది. ఆ రెండో జట్టు మాత్రం ఎప్పుడో మూతపడింది. మైదానంలో ఇళ్ళు కట్టేశారు. "మరి దాని పేరు ఇంకా ఎందుకు పెడతావమ్మా లిస్టులో?" అన్నాడు.

ఆ బట్టలుతికే ఆవిడకు మనవరాలు ఎవరో ఉండే ఉంటుంది, నా ఈడుదే అయ్యుంటుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులో, పిల్లాడి ఉద్యోగమో, ఏదో ఒకటి ఉంటుంది కదా. పేరు తెలియదు గనక, జట్టు పేరు పెట్టే అడుగుతున్నాను.